పాతకారు బేరము – చట్టము చూపు దారి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచి వర్ధిల్లుట సామాన్య విషయము గాదు. కావ్యములు, నవలలు, పత్రికలు చదువుకొనుటకే గాక, నిత్యజీవితమున ఎదురగు చిక్కులకు దారి వెదకుకొనుటకును జనులు గ్రంథాలయమునకు వచ్చుచుందురు. అట్టి చిక్కులలో పల్లెలకు ఇటీవల వచ్చిన దొకటి ఈ ఉపన్యాసమునకు విషయము. అది పాతకారు కొని నష్టపోవుట. నష్టపోయిన పిదప న్యాయము పొందు మార్గము.

సంతలో ఎద్దును కొనువాడు దాని పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. ఊరిలో నలుగురిని విచారించును. అంతటి జాగరూకత గలవాడే కారు కొనునప్పుడు పైరంగు చూచి మురిసిపోవుచున్నాడు. పైన పటారము లోన లొటారము అను సామెత ఎద్దులకంటె కార్లకే ఎక్కువగ వర్తించునని కొన్న పిదపగాని తెలియుట లేదు.

ఒక దృష్టాంతము చూడుడు. ఒక రైతునకు వారమునకు రెండుమారులు రక్తశుద్ధికై పట్టణపు ఆసుపత్రికి తీసికొనిపోవలసిన తల్లి కలదు. ప్రత్తి అమ్మిన పైకమునకు పొదుపు సంఘములో భార్య తెచ్చిన అప్పును చేర్చి, 3,60,000 రూపాయలకు అతడొక పాతకారు కొనెను. మీటరు 42,000 కిలోమీటర్లు చూపుచున్నది. ఇరువదియవ దినమున నడిరోడ్డుపై ఇంజను ఆగిపోయెను. కంపెనీ వర్కుషాపునకు చేర్చగా, రెండు సంవత్సరములకు పూర్వమే ఆ బండి 1,18,000 కిలోమీటర్లు నడచినట్లు అచ్చటి సర్వీసు లెక్కలలో బయటపడెను. వర్తకుని అడుగగా, "పాత బండి గదా! చూచుకొనియే కొంటిరి గదా!" అని అతడు చేతులు దులుపుకొనెను.

ఇది కల్పిత దృష్టాంతమే. ఐనను ఇట్టి సమాధానము విని మారు పలుకలేక ఇల్లు చేరినవారు అనేకులు. ఆ సమాధానము చట్టము ముందు నిలుచునా? కొంతవరకు నిలుచును, కొంతవరకు నిలువదు. ఎంతవరకు అనునది కారు చెడిపోయిన దినమున జరిగిన దానిని బట్టి గాక, బేరము కుదిరిన దినమున ఎవరు ఏమి అడిగిరి, ఎవరు ఏమి చెప్పిరి అను దానిని బట్టియే తేలును. కొనుగోలుదారుని కేసుకు పునాది పడునది ఆ దినముననే.

భారత కాంట్రాక్టు చట్టము 1872వ సంవత్సరపుది. అప్పటికి కార్లు లేవు, గుఱ్ఱములు కలవు. మోసమును నిర్వచించు 17వ సెక్షను క్రింద గుఱ్ఱపు బేరమును గూర్చిన దృష్టాంతములు కొన్ని ఇయ్యబడినవి. ఒకడు తన గుఱ్ఱము మంచిది గాదని ఎఱిగియుండియు, వేలములో ఏమియు చెప్పక అమ్మినచో, ఆ మౌనము మాత్రమే మోసము గాదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తె ఐనచో, ఆ బంధుత్వమును బట్టి నిజము చెప్పుట అతని విధి. మఱియొక దృష్టాంతమున కొనువాడు, తాము కాదనకున్నచో గుఱ్ఱము ఆరోగ్యముగ నున్నదనియే భావింతునని అమ్మువానితో చెప్పును. అమ్మువాడు నోరు మెదపడు. అచ్చట ఆ మౌనము మాటతో సమానమగును.

గుఱ్ఱము స్థానమున కారును నిలిపినచో ఈ నూటయేబది సంవత్సరముల నాటి మాట నేటికిని సరిపోవును. అడుగనివానికి చట్టము చేయు సాయము కొద్దిపాటిది. అడిగినవానికి, అడిగినట్లు ఋజువు చూపగలవానికి, చేయు సాయము గొప్పది. "ఈ బండికి పెద్ద ప్రమాదము జరిగినదా? వరదలో మునిగినదా? మీటరు చూపు లెక్క నిజమేనా? ఫైనాన్సు బాకీ యున్నదా?" అను నాలుగు ప్రశ్నలు అడిగి, సమాధానములు కాగితముపై వ్రాయించి సంతకము తీసికొనినవాడు తన హక్కులకు తానే కంచె వేసికొనినవాడగును. అబద్ధము చెప్పి ఒప్పించిన బేరమును రద్దుచేయించుకొను హక్కు అదే చట్టపు 19వ సెక్షను ఇచ్చుచున్నది.

ఇక వస్తువుల అమ్మకమునకు ప్రత్యేకముగ 1930వ సంవత్సరపు వస్తు విక్రయ చట్టము కలదు. కొనువాడే జాగ్రత్త పడవలెనను ప్రాచీన సూత్రమును ఆ చట్టపు 16వ సెక్షను మొదట అంగీకరించి, పిదప దానికి హద్దులు గీయుచున్నది. ఏ పనికై కొనుచున్నాడో చెప్పి, ఆ సరుకులు అమ్ముటయే వృత్తిగా గలవాని నేర్పును నమ్మి కొనినచో, ఆ సరుకు ఆ పనికి తగియుండవలెను. అట్టి వర్తకుని వద్ద వర్ణనను బట్టి కొనిన సరుకు అమ్మకమునకు యోగ్యమైన నాణ్యత గలదై యుండవలెను. ఐతే, కొనువాడు స్వయముగ పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో కనబడి తీరవలసిన లోపమును గూర్చి పిదప ఫిర్యాదు చేయరాదు. "చూచుకొనియే కొంటిరి గదా" అను వర్తకుని మాటకు చట్టమున గల ఆధార మింతయే. అరిగిన టైరు కంటికి కనబడును. దానిని గూర్చి తగవు లేదు. వెనుకకు త్రిప్పిన మీటరు రైతు కంటికి కనబడునది గాదు. వాడిన బండికి క్రొత్త బండి నాణ్యత ఉండవలెనని ఎవరును కోరరాదు. వయస్సు, ధర, నడచిన దూరము చూచియే నాణ్యతను నిర్ణయింతురు. ఆ దూరమునే మార్చి చూపినప్పుడు నిర్ణయమునకు కొలబద్దయే తప్పిపోవును.

1930 నాటి ఈ చట్టము ఇంగ్లండులోని 1893వ సంవత్సరపు చట్టమును అనుసరించి వ్రాయబడినది. ఆ దేశపు తీర్పులకు ఇచ్చట కట్టుబడనక్కర లేకున్నను, భారత న్యాయస్థానములు వానిని పరిశీలించుట పరిపాటి. అట్టి తీర్పులలో రెండు పాతకార్లను గూర్చినవే. రెండింటిలోను ప్రధాన తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి డెన్నింగ్.

మొదటిది 1957 నాటిది. ఒక గృహస్థుడు తన కారు 1948వ సంవత్సరపుదని రిజిస్ట్రేషను పుస్తకము చూచి నమ్మి, అట్లే చెప్పి, క్రొత్తకారు కొనునప్పుడు దానిని వర్తకునికే మార్పిడిగా ఇచ్చెను. వర్తకుడు దానికి 290 పౌన్లు వెలకట్టెను. అది నిజముగ 1939వ సంవత్సరపు బండి యని పిదప తెలిసెను. వర్తకుడు దావా వేసి ఓడిపోయెను. గృహస్థునికి పుస్తకమున వ్రాసినదానికంటె ఎక్కువ తెలియదు. నిజము కనుగొను సాధనములు వర్తకునికే ఎక్కువగ కలవు. రెండవది 1965 నాటిది. క్రొత్త ఇంజను వేసిన పిదప తన కారు 20,000 మైళ్ళు మాత్రమే నడచినదని ఒక వర్తకుడు చెప్పి అమ్మెను. నిజముగ నడచినది 1,00,000 మైళ్ళు. ఇచ్చట వర్తకుని మాటను హామీగా పరిగణించి, కొనుగోలుదారునికి నష్టపరిహారము ఇప్పించిరి. రెండు సందర్భములలోను చెప్పిన మాట తప్పే. తీర్పును మార్చినది, ఆ మాట చెప్పినవాడు నిజము తెలిసికొనగల స్థితిలో నున్నాడా లేదా అనునది. పై దృష్టాంతములోని రైతు 1965 నాటి కొనుగోలుదారుని వంటివాడే.

బండి చెడిపోవుటకంటె పెద్ద ఆపద, అది అమ్మినవానిది గాకపోవుట. దొంగబండి చేతులు మారినంత మాత్రమున కొన్నవానిది కాజాలదు. వస్తువును అమ్ముటకు అమ్మువానికి హక్కు ఉండవలెనని 1930 నాటి చట్టపు 14వ సెక్షను చెప్పుచున్నది. 1923లో ఇంగ్లండులో తీర్పు చెప్పబడిన ఒక కేసులో, ఒకడు కొన్న కారును, అది దొంగ సొత్తని పోలీసులు తీసికొనిపోయిరి. అప్పటికి ఆ బండి కొంతకాలము వాడబడియున్నను, అతనికి ఇచ్చిన ధర యావత్తు తిరిగి వచ్చెను. యాజమాన్యమే సంక్రమింపనప్పుడు వాడుకను లెక్కించి ధరలో తగ్గింపనక్కర లేదని న్యాయస్థానము తలంచెను.

కావున బయానా ఇచ్చుటకు పూర్వమే కొన్ని పనులు చేయవలెను. ఆర్.సి. లోని ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండిపై నున్న వానితో సరిపోల్చవలెను. రవాణా శాఖ వెబ్‌సైటులో బండి నంబరు ఇచ్చి ఫైనాన్సు, చలానాలు, ఇన్సూరెన్సు వివరములు చూచుకొనవలెను. ఫైనాన్సు పేరు ఆర్.సి.పై నున్నంతవరకు ఆ సంస్థ అంగీకారము లేక బండి పేరు మారదు. కంపెనీ వర్కుషాపులో సర్వీసు చరిత్రను చూపింపుమని అమ్మువానినే కోరవలెను. ఇష్టపడనిచో ఆ సంకోచమే ఒక సమాధానము. మెకానిక్కును కొనువాడు తానే తెచ్చుకొనవలెను గాని అమ్మువాడు చూపినవానిని నమ్మరాదు.

వరదబండ్లను గూర్చి ఒక మాట. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినప్పుడు ఇండ్లతో పాటు వాహనములును నీటిపాలైనవి. మునిగిన బండిని బాగుచేసి, మునిగినదని చెప్పి, తగిన ధరకు అమ్ముట తప్పు గాదు. దాచి అమ్ముటయే తప్పు. సీటుబెల్టును చివరవరకు లాగి చూచినచో బురదచార కనబడవచ్చును. నేలపఱపు క్రింద మన్ను, సీటు బోల్టులకు త్రుప్పు, హెడ్‌లైటు అద్దము లోపల చెమ్మ, తలుపు తీయగనే ముక్కవాసన ఇందుకు గుర్తులు.

రసీదు విషయమునను జాగ్రత్త వలయును. అందు తేదీ, ధర, బండి నంబరు, మీటరు లెక్క, అమ్మినవాని పేరు, చిరునామా ఉండవలెను. పైకము బ్యాంకు ద్వారా చెల్లించినచో అదియే సాక్ష్యము. "ఉన్నది ఉన్నట్లుగ కొనుచున్నాను" అను వాక్యము రసీదులో నున్నచో చదువక సంతకము చేయరాదు. నాణ్యతను గూర్చి చట్టము కల్పించిన హామీలను ఉభయుల ఒప్పందముచే తొలగించుకొనుటకు 62వ సెక్షను వీలిచ్చుచున్నది. ఐనను, ఎఱిగి ఎఱిగి పలికిన అబద్ధమును ఆ వాక్యము కప్పజాలదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను, తీసికొనకున్నను, బండి చెడిపోయినదనుకొనుడు. అప్పుడు చేయవలసిన మొదటి పని కోపమును అణచుకొనుట. రెండవది బండిని నడుపుట మానుట. లోపము తెలిసియు ఊరకుండి నెలల తరబడి వాడుకొనినచో, సరుకును స్వీకరించినట్లే చట్టము భావించును. అప్పుడు బండిని తిరిగి ఇచ్చివేయు హక్కు సాధారణముగ పోయి, నష్టపరిహారము కోరు హక్కు మాత్రమే మిగులును. దొరికిన షెడ్డులో ఇంజను విప్పించి, పాత భాగములను పాతసామానువానికి ఇచ్చివేయుట పెద్ద పొరపాటు. ఆ భాగములే సాక్షులు. ఫొటోలు తీయించి, నమ్మకమైన వర్కుషాపులో లోపమేమి, అది ఎంతకాలము నాటిది, బాగుచేయుటకు ఎంత అగును అనునవి వ్రాతమూలకముగ తీసికొనవలెను. వర్తకుని ప్రకటన, ఫోనులో అతడు పంపిన సందేశములు తుడిచివేయక భద్రపరుపవలెను. ఫోనునే దాచియుంచుట మేలు.

తరువాత వర్తకునికి నోటీసు పంపవలెను. ఎప్పుడు కొన్నది, ఏమి చెప్పి అమ్మినది, ఏమి బయటపడినది, ఏమి కోరుచున్నది, ఎన్ని దినములలో అనునవి అయిదారు వాక్యములలో వ్రాసి, స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు ఋజువు ఉంచుకొనవలెను. తిట్లు అక్కరలేదు. తిట్టిన నోటీసు చదువువానికి తగవు కనబడును. లెక్క చూపిన నోటీసు చదువువానికి నష్టము కనబడును. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 నంబరున ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చును.

అప్పటికిని దారికి రానిచో, 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము కలదు. అది 1986 నాటి చట్టము స్థానమున 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. 50 లక్షల రూపాయల వరకు చెల్లించి కొన్న వస్తువును గూర్చిన ఫిర్యాదును జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. కావున దృష్టాంతములోని రైతు 3,60,000 రూపాయల బండికై రుసుము చెల్లింపనక్కర లేదు. కారు హైదరాబాదులో కొన్నను, తాను నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. అంతర్జాలము ద్వారాను చేయవచ్చును. వకీలు లేక తానే వాదించుకొనవచ్చును. బండి లోపము పరీక్షింపనిదే తేలనిచో నిపుణుల పరీక్షకు కమిషను పంపగలదు. లోపము సవరింపుమని, ధర తిరిగి ఇమ్మని, పరిహారము చెల్లింపుమని ఉత్తరువు చేయగలదు. ఉత్తరువు పాటింపనివానికి జైలు శిక్ష గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అయితే కొన్ని హద్దులు కలవు. ఫిర్యాదు రెండు సంవత్సరములలో చేయవలెను. తిరిగి అమ్ముటకు గాని, వ్యాపారమునకు గాని కొన్నవాడు వినియోగదారుడు గాడు. ఐనను, స్వయముగ నడుపుకొని పొట్ట పోసికొనుటకై బండి కొన్నవాడు వినియోగదారుడే. తన సొంతకారును ఒకమారు అమ్ముకొను పొరుగువాడు సాధారణముగ వర్తకుడు గాడు; అతనిపై తగవు సివిలు కోర్టుకు పోవలెను. అచ్చట గడువు సాధారణముగ మూడు సంవత్సరములు. మీటరు త్రిప్పుట, దొంగపత్రములు సృష్టించుట వంటివి వంచన క్రిందకు వచ్చుటచే పోలీసులకు ఫిర్యాదు చేయవచ్చును. కాని పోలీసు కేసు దోషిని శిక్షించుటకు; పైకము రాబట్టుటకు వేరు దారి తొక్కవలసినదే.

కమిషను తీర్పునకు చట్టము మూడు నెలలు, పరీక్ష అవసరమైనచో అయిదు నెలలు గడువు చెప్పినది. కేసులు అంతకంటె దీర్ఘముగ సాగుటయు కలదు. ఓడినవాడు కోర్టులో ఏడ్చినచో, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడ్చెనను సామెత ఊరక పుట్టలేదు. కావున న్యాయమైన రాజీ వచ్చినచో త్రోసివేయరాదు. కమిషనులోనే మధ్యవర్తిత్వమునకు అవకాశము కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ లోక్ అదాలతులను నడుపును. స్త్రీలకు, షెడ్యూల్డు కులముల వారికి, షెడ్యూల్డు తెగల వారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. ఊరి పెద్దలు కుదిర్చిన రాజీని కూడ కాగితముపై వ్రాయించి, తేదీ వేయించి, సంతకములు తీసికొనవలెను. "రేపు ఇచ్చెదను, మాపు ఇచ్చెదను" అను మాటలతో రెండు సంవత్సరములు గడచిపోయినచో, గడువు ఆ మాటలకై ఆగదు.

కొన్నవానికే గాక అమ్మినవానికిని ఒక ప్రమాదము కలదు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము, అదే రాష్ట్రములో అమ్మినవాడు 14 దినములలో రవాణా అధికారికి తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను. తెలంగాణ బండిని ఆంధ్రప్రదేశ్‌కు గాని, ఆంధ్రప్రదేశ్ బండిని తెలంగాణకు గాని తెచ్చుకొనువారికి నిరాక్షేపణ పత్రము వలయును. ఇన్సూరెన్సు సైతము 14 దినములలో తన పేరునకు మార్చుకొనుటకు కొన్నవాడు దరఖాస్తు చేయవలెను. బండి నాలుగు చేతులు మారినను, పేరు మారనిచో, ప్రమాదము జరిగినప్పుడు పరిహారమునకు రిజిస్టరులో నున్న యజమానియే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పినది. తాళములు, పైకము మార్చుకొనినంత మాత్రమున బేరము ముగియదు. పాత వాహనముల వర్తకులకును 2023 ఏప్రిల్ 1 నుండి నియమములు ఏర్పడినవి. వారు రవాణా అధికారి వద్ద అధికారపత్రము పొందవలెను. తమ వద్దనున్న బండి ఎంత దూరము, ఏ పనికై నడచినదో లెక్క వ్రాయవలెను. ఆ పత్రమును చూపింపుమని అడుగుట కొనువానికి సిగ్గుపడవలసిన పని గాదు.

తెలుగు పల్లెలలో కాగితము అడుగుట నమ్మకము లేకపోవుటకు గుర్తని తలంచువారు కలరు. "మాట మీద నడచిన వంశము మాది" యని చెప్పుకొనుట పరువుగ భావింతురు. నిజమునకు మాట మీద నిలుచువాడు ఆ మాటను కాగితముపై వ్రాయుటకు వెనుదీయడు. వెనుదీయువాని మాటపై కష్టార్జితమును నిలుపరాదు. బంధువు వద్ద కొన్నను, తెలిసినవాని వద్ద కొన్నను ఇది వర్తించును. వ్రాత స్నేహమును చెరుపదు. వ్రాత లేక పుట్టు తగవే స్నేహమును చెరుపును.

దృష్టాంతములోని రైతు చేతిలో మీటరు లెక్క వ్రాసిన రసీదు, వర్కుషాపు పత్రము, నోటీసు అందినట్లు ఋజువు అను మూడు కాగితములున్నచో అతడు జిల్లా కమిషను ముందు బలవంతుడు. అవి లేనిచో, అతని దుఃఖము నిజమైనను, దానిని నిలబెట్టు సాక్ష్యము కొఱవడును. ఈ భేదము ధనము వలన గాని, పలుకుబడి వలన గాని కలుగునది కాదు. నాలుగు ప్రశ్నలు అడుగుట, ఒక కాగితము చదువుట తెలిసినందువలన కలుగునది.

అట్టి చదువును ఊరి నడుమ నిలిపియుంచుటయే గ్రంథాలయము చేయు సేవ. ఇచ్చటి అలమారలో ఈ మూడు నాలుగు చట్టముల తెలుగు పుస్తకములను ఉంచి, చదువురానివారు రసీదు తెచ్చినప్పుడు చదివి వినిపించు యువకులను ఇద్దరు ముగ్గురిని కార్యవర్గము వారు ఏర్పాటు చేసినచో, ఈ రజతోత్సవమునకు అంతకంటె మంచి గురుతు ఉండబోదు. గ్రంథాలయము దినదినాభివృద్ధి నొంది స్వర్ణోత్సవమును జరుపుకొనుగాక!